మంచితనంతో షాపు నడుస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గృహోపకరణాల షాపు పెట్టబోతున్నారు. ఒకవైపు పెద్ద చెయిన్ స్టోర్లు, మరోవైపు ఆన్‌లైన్. ధరలో వాళ్లతో పోటీ పడలేనని మీకే తెలుసు. "మంచి పేరు తెచ్చుకో, కస్టమర్‌ని బాగా చూసుకో, వ్యాపారం దానంతట అదే పెరుగుతుంది" అని అందరూ చెబుతున్నారు. ఇది నిజమా, చెప్పుకోవడానికి బాగుండే మాటా అన్నది మీ సందేహం. నేను చాలా ఏళ్లుగా రిటైల్‌లోనే ఉన్నాను. కౌంటర్ వెనక నిలబడ్డాను, షాపులు నడిపాను, మనుషుల్ని పెట్టుకుని పని నేర్పాను. అందుకని చెబుతున్నాను: మాట నిజమే, "దానంతట అదే" అన్న ముక్క మాత్రం అబద్ధం.

నవ్వు ముఖం, ఏసీ, కూర్చోవడానికి కుర్చీలు, పేరు పెట్టి పలకరించడం లాంటివన్నీ మీ పక్క షాపు కూడా రేపు పొద్దుటికల్లా మొదలుపెట్టగలదు. కస్టమర్‌కి మీ నడవడి కనబడేది తేడా వచ్చినప్పుడే. సరుకు పాడైంది, బిల్లులో రేటు తప్పు పడింది, చెప్పిన రోజుకి డెలివరీ కాలేదు. ఇప్పుడు ఎవరో ఒకరు నష్టపోవాలి. ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది? కస్టమర్ ఖాతాలోనా, కౌంటర్‌లో ఉన్న కుర్రాడి జీతంలోనా, సప్లయర్ మీదా, మీ మీదా? దీనికి షాపు తెరవకముందే జవాబు అనుకుని ఉండాలి. గొడవ మొదలయ్యాక ఆలోచిస్తే ఎంత మంచివాడైనా ఆ క్షణంలో తన జేబే చూసుకుంటాడు.

ఒక రిటర్న్ ఎలా నడుస్తుందో దగ్గర్నుంచి చూడండి. ఒకావిడ పదిహేను రోజుల కిందట కొన్న ఇస్త్రీ పెట్టె సంచిలో పెట్టుకుని వచ్చింది. వేడెక్కడం లేదంటుంది. గొడవ పడాల్సి వస్తుందేమోనని దారి పొడవునా మాటలు సిద్ధం చేసుకునే వచ్చి ఉంటుంది, ఆ టెన్షన్ ముఖంలోనే తెలుస్తుంది. చాలా షాపుల్లో ఆవిడకి ఎదురయ్యే మొదటి మాట "బిల్లు ఉందా?" రెండోది "కింద పడేశారా ఏమన్నా?" మూడోది "అది మాకు సంబంధం లేదండీ, సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలి." మూడు మాటల్లోనూ ఉన్నది ఒకటే: నిన్ను మేం నమ్మడం లేదు. అక్కడే కొత్త వస్తువు చూస్తున్న మరో ఇద్దరు ఈ మాటలు వింటున్నారు. తమకూ రేపు ఇదే జరుగుతుందని వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే కుర్రాడు "ఏమైందండీ, ఇటివ్వండి చూద్దాం" అని చేతిలోకి తీసుకుని, కౌంటర్ మీద ప్లగ్గులో పెట్టాడనుకోండి. కొన్నిసార్లు తిప్పే డయల్ కనిష్ఠంలోనే ఉండిపోయి ఉంటుంది. నవ్వకుండా, ఆవిడని చిన్నబుచ్చకుండా "ఇది కొంచెం గట్టిగా తిరుగుతుందండీ, చాలామందికి ఇలాగే అవుతుంది" అని చూపిస్తే అక్కడితో అయిపోయింది. నిజంగానే పాడైతే ఆవిడ ముందే కొత్తది తీసి, అక్కడే వేడెక్కించి చూపించి ఇవ్వాలి. బిల్లు మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఫోన్ నంబర్ కొడితే వస్తుంది. ఆవిడ ఇంట్లో సొరుగులన్నీ వెతకాల్సిన అవసరం ఏముంది? సర్వీస్ సెంటర్‌కి పంపాల్సిన పెద్ద వస్తువైతే పంపే పని మీరే చేయండి. ఆవిడ దాన్ని కొన్నది మీ దగ్గర, ఆ సర్వీస్ సెంటర్ దగ్గర కాదు.

ఇక్కడ ఒక పని అలవాటు చేసుకోండి. అమ్మేటప్పుడే ప్రతి వస్తువునీ పెట్టె విప్పి, ఆన్ చేసి చూపించి, తిరిగి ప్యాక్ చేసి ఇవ్వండి. రద్దీలో ఇది చిరాకే. కుర్రాళ్లు ఎగ్గొట్టడానికి చూస్తారు. కానీ తయారీలోనే లోపం ఉన్నవి, రవాణాలో దెబ్బతిన్నవి అక్కడే బయటపడతాయి. ఎలా వాడాలో కూడా అప్పుడే చెప్పవచ్చు. మార్కెట్లో సేవ గురించి పెద్ద మాటలు చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు గానీ, ఇలా పెట్టె విప్పి చూపించేవాళ్లు తక్కువ.

"ఇలా మార్చి ఇచ్చుకుంటూ పోతే నాకేం మిగులుతుంది?" అని మీకు అనుమానం రావాలి, వస్తేనే వ్యాపారం చేయగలరు. లెక్క వేద్దాం. వందకి అమ్మే వస్తువు మీకు 80కి పడుతుందనుకోండి. అలాంటివి వంద అమ్మితే 2,000 మిగులుతుంది, అందులోంచే అద్దె, జీతాలు. వందలో రెండు పాడై, సప్లయర్ కూడా చేతులెత్తేసి, పూర్తిగా మీరే భరించారనుకుందాం. రెండు ఎనభైలు, 160 పోయింది. ఇప్పుడు పక్కవాడితో పోటీ పడి ప్రతి వస్తువు మీద పది తగ్గించారనుకోండి. వంద వస్తువుల మీద 1,000 పోయింది, అంటే లాభంలో సగం. డిస్కౌంట్ అడిగినవాడికీ అడగనివాడికీ పోతుంది, పక్కవాడు ఇంకో రెండు తగ్గించగానే దాన్ని మరిచిపోతారు. మార్చి ఇచ్చిన ఇస్త్రీ పెట్టె మాత్రం, నిజంగా ఇబ్బంది పడిన ఆ ఇద్దరి కోసమే మీకు ఖర్చవుతుంది, ఆ ఇద్దరూ దాని గురించి పదిమందికి చెబుతారు. చిన్న షాపుకి ధరల పోటీ కన్నా ఇది చవక. మంచితనం అని నేను వాదించడం లేదు, చవక అంటున్నాను.

అయితే ఈ భరోసాకి గట్టు ఉండాలి. అమెరికాలో ఎల్.ఎల్.బీన్ అనే కంపెనీ కథ ఈ విషయంలో రెండు వైపులా పనికొస్తుంది. లియాన్ లియాన్‌వుడ్ బీన్ 1912లో కింద రబ్బరు, పైన తోలు ఉన్న బూట్లు తయారుచేసి పోస్టులో అమ్మాడు. మొదటి వంద జతల్లో 90 కుట్లు ఊడి తిరిగొచ్చాయి. అందరికీ డబ్బు వెనక్కిచ్చేసి, అప్పు తెచ్చి లోపం సరిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ పేరు మీదే కంపెనీ వందేళ్లకు పైగా నిలబడింది. ఎప్పుడు తెచ్చినా వాపసు తీసుకుంటామన్న హామీ దశాబ్దాల పాటు నడిచింది. చివరికి ఏళ్ల తరబడి వాడి అరిగిపోయినవి, ఎవరో పారేస్తే ఏరుకొచ్చినవి, పాత సామాన్ల అమ్మకంలో కొన్నవి కూడా తెచ్చి ఇవ్వడం మొదలైంది. 2018 ఫిబ్రవరిలో ఆ హామీని ఏడాదికి కుదించి, కొన్న ఆధారం చూపాలన్నారు. దాని మీద విమర్శలు వచ్చాయి. నా ఉద్దేశంలో వాళ్లు చేసింది సరైనదే. కొద్దిమంది మోసగాళ్ల ఖర్చు మిగతా కస్టమర్లందరి మీదా పడనివ్వడం మంచితనం కాదు. కాబట్టి మీరు నిలబెట్టుకోగలిగినంతే చెప్పండి. ముప్పై రోజులంటే ముప్పై రోజులు. ముప్పై రెండో రోజు వచ్చినా మార్చి ఇవ్వవచ్చు, అది మీ ఇష్టం. కానీ ముప్పై అని రాసి ఇరవయ్యో రోజున సాకులు వెతికితే మీ గోడ మీదున్న అక్షరాలే మీ మీద సాక్ష్యం చెబుతాయి.

అన్నట్టు, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు పెట్టాలా అని కూడా అడిగారు. పెట్టకండి. లోపలికి అడుగుపెట్టిన మనిషికి మీరు చెప్పే మొదటి మాట అదా?

ఇక మీ దగ్గర పనిచేసేవాళ్ల సంగతి. నా లెక్కలో షాపు నడవడిలో ముప్పాతిక భాగం ఇక్కడే ఉంది. మీరెంత నిజాయితీపరులైనా కస్టమర్ మాట్లాడేది మీతో కాదు, మీ కౌంటర్‌లో కుర్రాడితో. పగిలిన వస్తువు ఖరీదు అతని జీతంలో కోసుకుంటే, పగిలినదాన్ని పెట్టెలో పెట్టి అమ్మేయడం అతనికి నేర్పినట్టే. ఎక్కువ ఖరీదైనది అమ్మితేనే కమీషన్ అంటే, ఇద్దరుండే ఇంటికి పదిమంది వాడే సైజు అంటగడతాడు. తప్పు అతనిది కాదు, మీరు పెట్టిన లెక్కది.

ఇది చిన్న షాపుల జబ్బని అనుకోకండి. సియర్స్ అంటే ఒకప్పుడు అమెరికాలోకెల్లా పెద్ద రిటైల్ సంస్థ. 1992లో దాని కారు మరమ్మతు కేంద్రాలు అవసరం లేని రిపేర్లు చేసి డబ్బు గుంజుతున్నాయని కాలిఫోర్నియా వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆరోపించింది. అధికారులు మామూలు కస్టమర్లలా కార్లు తీసుకెళ్లి మరీ పట్టుకున్నారు. లోతుగా చూస్తే, సర్వీస్ అడ్వైజర్లకి ఇన్ని పార్టులు అమ్మాలని కోటాలు, అమ్మినదాని మీద కమీషన్ పెట్టారు. దొంగల్ని ఏరి ఏరి ఉద్యోగంలో పెట్టుకున్నారా? లేదు. మామూలు మనుషుల్ని తీసుకొచ్చి, నిజం చెబితే జీతం తగ్గే చోట కూర్చోబెట్టారు. గొడవ పెద్దదయ్యాక సంస్థ అధిపతే ఆ కోటాల, ప్రోత్సాహకాల పద్ధతి తప్పులకి దారితీసిందని ఒప్పుకుని దాన్ని ఎత్తేశారు.

మీరేం చేయవచ్చు? స్థిరమైన జీతం కాస్త మెరుగ్గా ఇవ్వండి. ప్రోత్సాహకం ఇవ్వాలనుకుంటే షాపు మొత్తం అమ్మకం మీద అందరికీ కలిపి ఇవ్వండి. అంతకన్నా ముఖ్యం, ఒక మొత్తం దాకా ఎవరినీ అడక్కుండా కస్టమర్ గొడవ అక్కడికక్కడే తేల్చే అధికారం కౌంటర్‌లో ఉన్న మనిషికి ఇవ్వండి. "ఓనర్ గారు లేరు, సాయంత్రం రండి" అన్న మాట మీ షాపులో వినబడకూడదు. ఆ అధికారం వాడి కుర్రాడు మీరనుకున్న దానికన్నా ఎక్కువ ఉదారంగా ఇచ్చేసినప్పుడు కస్టమర్ ముందు నోరెత్తకండి. సాయంత్రం షట్టర్ వేశాక, విడిగా, కోపం లేకుండా మాట్లాడండి. అందరి ముందు ఒక్కసారి తిట్టారా, ఆ తర్వాత ఏ నిర్ణయమూ తీసుకోడు. ఇక మీరు కొట్టుకి కాపలా పడి ఉండాల్సిందే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మీ మనుషుల్ని నోటికొచ్చినట్టు మాట్లాడే కస్టమర్‌ని వదులుకోండి. మర్యాదగానే, "మీ డబ్బు మీకు ఇచ్చేస్తామండీ, ఇంకెక్కడైనా చూసుకోండి" అని పంపేయండి. కస్టమరే దేవుడని గోడ మీద రాసి, సిబ్బందిని వాళ్ల కాళ్ల దగ్గర పడేసే యజమాని దగ్గర మంచి మనుషులు ఏడాది కూడా నిలవరు. వారం వారం ముఖాలు మారే షాపులో సేవ గురించి మాట్లాడటమే దండగ.

ధరల సంగతి కూడా నడవడిలోదే. 1673లో జపాన్‌లోని ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, మిత్సుయి తకతోషి ఎచిగోయా అనే బట్టల కొట్టు తెరిచాడు. అప్పటికి బట్టల వర్తకులు ధనికుల ఇళ్లకు సరుకు మోసుకెళ్లేవాళ్లు. మనిషిని బట్టి రేటు. డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వసూలయ్యేది, ఆ వడ్డీ కూడా రేటులోనే కలిసి ఉండేది. ఇతను అరువు లేదు, బేరం లేదు, అందరికీ ఒకే ధర అన్నాడు. పైగా బట్ట చుట్ట మొత్తం కొననక్కర్లేదు, ఎంత కావాలంటే అంత కోసి ఇస్తానన్నాడు. అంతదాకా ఆ గుమ్మం ఎక్కని మామూలు జనం వచ్చారు. తోటి వర్తకులు నానా ఇబ్బందులు పెట్టినా కొట్టు ఆగలేదు. ఇప్పటి మిత్సుకోషి డిపార్ట్‌మెంట్ స్టోర్లకి మూలం అదే. ఒకే ధర అన్నది మర్యాద మాత్రమే కాదు, మాటకారి కానివాడికి కల్పించిన రక్షణ. బేరమాడటం రాని మనిషి, సిగ్గరి, చిన్నపిల్ల వచ్చినా ఇంతే పడుతుందని తెలిస్తే ఇంట్లోవాళ్లు ధైర్యంగా ఎవరినైనా పంపిస్తారు.

మొదటి రోజు నుంచే ఇలా చేయండి, మధ్యలో మారడం కష్టం. అమెరికాలో జేసీ పెన్నీ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థ 2012లో కూపన్లు, నకిలీ "అసలు ధరలు" ఎత్తేసి రోజూ ఒకే నికరమైన ధర అంది. ఉద్దేశం మంచిదే. కానీ అన్నేళ్లూ కూపన్ కోసం కాచుకోవడం నేర్పింది తామే కదా. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి, ఆ మార్పు తెచ్చిన సీఈఓ 2013 ఏప్రిల్‌లో పదవి పోగొట్టుకున్నాడు. మీరు ఏ అలవాటు నేర్పితే మీ కస్టమర్ ఆ అలవాటుతోనే మీ దగ్గరికి వస్తాడు.

ఇప్పుడు కొంచెం చేదు విషయం. సేవ బాగున్నంత మాత్రాన నడవడి బాగున్నట్టు కాదు. అమెరికాలో స్టూ లియోనార్డ్స్ అనే పాల ఉత్పత్తుల దుకాణం కస్టమర్ సేవకి దేశమంతటా పేరు మోసింది. కస్టమర్ ఎప్పుడూ రైటే అన్న సూత్రం గుమ్మం ముందు పెద్ద గ్రానైట్ బండ మీద చెక్కించారు. మేనేజర్లు దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. 1993లో ఆ యజమాని, కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో అమ్మకాలు తక్కువ చూపించి కోటికి పైగా డాలర్ల మీద పన్ను ఎగ్గొట్టినట్టు కోర్టులో ఒప్పుకుని జైలుకి వెళ్లాడు. దుకాణం మాత్రం మూతపడలేదు, ఇప్పటికీ నడుస్తోంది. ఎందుకు చెబుతున్నానంటే, తప్పు చేసినవాడి వ్యాపారం తప్పకుండా మునుగుతుందని మీకు ఎవరైనా చెబితే నమ్మవద్దు. లోకం అంత లెక్కగా లేదు. నేను చెప్పేదల్లా, చిన్న షాపుకి అంత దెబ్బ తట్టుకునే శక్తి ఉండదని. పైగా రెండో లెక్కల పుస్తకం ఉన్న షాపులో పనివాళ్లకి ఆ విషయం తెలియకుండా ఉండదు. యజమాని ప్రభుత్వాన్ని మోసం చేయడం చూస్తున్న క్యాషియర్‌కి, గల్లాపెట్టెలో చేయి పెట్టకూడదని ఏ మొహంతో చెబుతారు?

గల్లాపెట్టె మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెబుతాను. కొత్త షాపుల్లో నిజాయితీని చంపేది దుర్బుద్ధి కాదు, నగదు కొరత. ఇంటి ఖర్చుకి పొద్దున్న కొంత, ఎవరికో చేబదులు మధ్యాహ్నం కొంత తీసేస్తే నెలాఖరుకి సప్లయర్‌కి ఇవ్వాల్సింది ఉండదు. అప్పుడు వాపసు అడిగినవాడికి "రేపు రండి" మొదలవుతుంది. పాత స్టాక్‌ని కొత్తదని చెప్పడం మొదలవుతుంది. చేతిలో డబ్బు లేనివాడికి నిజం చెప్పడం చాలా ఖరీదైన పని. కాబట్టి మీకు మీరు నెల జీతం పెట్టుకోండి, అంతకు మించి పెట్టెలోంచి పైసా తీయకండి. కదలని సరుకుని మూడు నాలుగు నెలల్లో గుర్తించి, పాత మోడల్ అని స్పష్టంగా రాసి, తగ్గించి అమ్మేయండి. అది షెల్ఫ్ మీద ఉన్నన్నాళ్లూ మీ కుర్రాళ్లకి దాన్ని అంటగట్టాలన్న ఒత్తిడి ఉంటుంది.

సప్లయర్‌కి చెప్పిన తేదీకి డబ్బు ఇవ్వండి. దీన్ని కస్టమర్ సేవలో భాగమని ఎవరూ అనుకోరు గానీ, లోపమున్న వస్తువుని ఎవరి దగ్గర మారుమాట్లాడకుండా వెనక్కి తీసుకోవాలి, సరుకు కొరత ఉన్నప్పుడు ఉన్న పది పెట్టెలూ ఎవరికి ఇవ్వాలి అని డిస్ట్రిబ్యూటర్ ఆలోచించేటప్పుడు గుర్తొచ్చేది చెక్కు వెనక్కి రానివాడే. మీరు కస్టమర్‌కి మార్చి ఇచ్చే ధైర్యం సగం అక్కడి నుంచే వస్తుంది.

ఆన్‌లైన్ రివ్యూల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డబ్బిచ్చి రాయించకండి. తిట్టిన రివ్యూకి వాదన పెట్టుకోకుండా, ఏం చేశారో రెండు వాక్యాల్లో రాయండి.

కౌంటర్ కింద రెండు నోట్‌బుక్కులు పెట్టుకోండి. మొదటిది "లేదు" పుస్తకం. ఎవరు ఏది అడిగితే లేదన్నారో అప్పటికప్పుడు రాయాలి, ఫోన్ నంబర్‌తో సహా. వచ్చాక ఫోన్ చేస్తే చాలామంది ఆశ్చర్యపోతారు, తమ మాట ఎవరైనా రాసిపెట్టుకుంటారని వాళ్లు అనుకోరు. నెలాఖరుకి మీ కొనుగోలు జాబితాలో సగం అందులోనే తయారై ఉంటుంది.

రెండోది తప్పుల ఖాతా. అమ్మకంలో నూటికి ఒకటి చొప్పున పక్కన పెట్టి దానికి కేటాయించండి. మార్చి ఇచ్చినవి, తప్పు బిల్లుకి వెనక్కిచ్చినవి, ఆలస్యమైనందుకు తగ్గించినవి అన్నీ అందులోంచే పోవాలి. డబ్బు ముందే పక్కన ఉంటుంది కాబట్టి ఇచ్చేటప్పుడు చేయి వణకదు, కుర్రాడికీ భయం ఉండదు. ప్రతి పద్దు ఎదురుగా కారణం ఒక ముక్కలో రాయించండి: ఏ కంపెనీ, ఏ మోడల్, ఎవరు ప్యాక్ చేశారు. నెలకోసారి కూర్చుని చదివితే ఏ కంపెనీ సరుకు మానేయాలో, ఎవరికి ప్యాకింగ్ మళ్లీ నేర్పాలో తెలుస్తుంది. ఏ నెలైనా ఆ ఖాతా పూర్తిగా ఖాళీగా కనిపిస్తే సంతోషపడకండి. తప్పులు జరగలేదా, లేక కౌంటర్ దగ్గర ఎవరో కస్టమర్‌ని వెనక్కి పంపేస్తున్నారా అన్నది ఆ రోజే కనుక్కోండి.